మాగాయ ఊట, ఉమెబోషి ఊట

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ డాబా మీద పాత పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టింది, పక్కనే బేసినులో ఊట, దానిమీద పల్చటి గుడ్డ. నన్నేమో కాకులకి కాపలా కూచోమంది. నలభై దాటినా ఇంట్లో నా హోదా అదే. గొడుగేసుకుని కూచుని ఆ ఉప్పూ పులుపూ కలిసిన వాసన పీలుస్తుంటే ఉన్నట్టుండి టోక్యో గుర్తొచ్చింది. నవ్వకండి, నిజంగానే. జపాన్ అనగానే అందరికీ బుల్లెట్ ట్రైనూ ఫ్యూజీ కొండా గుర్తొస్తాయి, నాకు మాత్రం మా పక్కింటావిడ బాల్కనీలో వెదురు చేటల్లో ఎండుతున్న ఎర్రటి కాయలు గుర్తొస్తాయి.

2007లో కంపెనీ వాళ్ళు ఆన్‌సైట్ అని పంపిస్తే వెళ్ళాను, ఆర్నెల్లన్నారు, అయిదేళ్ళు ఉండిపోయాను. ఉన్నది టోక్యో తూర్పు పక్క ఎదోగావా వార్డులో నిషి కసాయ్ అనే చోట. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2000 ప్రాంతం నుంచీ అక్కడే చేరారు, ఆఫీసులుండే ఓతెమాచికి టోజై లైనులో నేరుగా వెళ్ళిపోవచ్చని. కందిపప్పూ చింతపండూ దొరికే కొట్లుండేవి. ఊరి పేరు ఫోన్లో చెప్పగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "కసాయి ఊరేంట్రా, అక్కడేం తింటావు నువ్వు" అంది. మేం శాకాహారులం లెండి. ఆ పేరుకీ మాంసం కొట్లకీ సంబంధం లేదని నమ్మించడానికి నాకు రెండు ఫోన్ కార్డులు అయిపోయాయి.

తిండి విషయంలో అమ్మ బెంగ నిజమే అయింది అనుకోండి. అక్కడ కూర అయినా పులుసయినా నూడుల్స్ అయినా అన్నింటికీ మూలం దాషి అనే రసం, అది ఎక్కువగా ఎండబెట్టి చెక్కిన చేపతో కాచేది. పైకి ఆకుకూరలా కనిపిస్తుంది, లోపల చేప. మొదటి నెల నేను బతికింది కొన్వినీల మీద, అంటే ఇరవై నాలుగ్గంటలూ తెరిచుండే చిన్న కొట్లు, అందులో దొరికే ఒనిగిరి మీద. ఒనిగిరి అంటే ఏం లేదు, త్రికోణంలా నొక్కిన అన్నం ముద్ద, చుట్టూ సముద్రపు నాచు షీటు. కవర్ మీద 1, 2, 3 అని నంబర్లుంటాయి, ఆ వరసలో లాగితే నాచు మెత్తబడకుండా కరకరలాడుతూ అన్నానికి చుట్టుకుంటుంది. నేను మొదటిసారి 2 ముందు లాగాను, నాచు సగం కవర్లో ఉండిపోయింది, అన్నం ముద్ద ఒట్టిగా చేతిలో ఉంది, కౌంటర్ దగ్గర కుర్రాడు చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆ మర్యాద నాకు భలే నచ్చింది.

ఆ ముద్ద మధ్యలో ఓ ఎర్రటి ముడతల కాయ. కొరకగానే పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదేమీ దుఃఖం కాదు, పులుపు. ఉప్పు, పులుపు, అంతే, కారం లేదు. కానీ తెల్లన్నంలో ఊరగాయ ముక్క నంజుకోవడం అనే సంగతి భూమ్మీద ఇంకో చోట కూడా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. అదే ఉమెబోషి. (కొట్లో అమ్మే కొన్ని రకాల్లో దానిక్కూడా చేప తగిలిస్తారని చాలా నెలల తర్వాత తెలిసింది, ఆ మాట అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, ఇది ఆవిడ చదవదులే.)

పక్కింటావిడ పరిచయం మాత్రం చెత్త వల్ల. అక్కడ చెత్త పారెయ్యడం ఓ శాస్త్రం. కాలేది వారానికి రెండు రోజులు, కాలనిది వేరే రోజు, సీసాలూ డబ్బాలూ ఇంకో రోజు, పొద్దున్నే చెప్పిన టైముకే పెట్టాలి. నేను వచ్చిన రెండో వారం అన్నీ ఒకే సంచీలో కుక్కి పెట్టేశాను. సాయంత్రం వచ్చేసరికి అందరి సంచులూ వెళ్ళిపోయాయి, నాదొక్కటే మీద ఓ స్టిక్కర్‌తో కూచునుంది. ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర గీత పడ్డట్టు. అప్పుడొచ్చింది ఆవిడ, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కతే ఉండేది, ఇంగ్లీషు ముక్క రాదు, నాకు జపనీస్ రాదు. అక్కడే గొంతుక్కూచుని నా సంచీ విప్పి ప్లాస్టిక్ సీసా తీసి, మూత విప్పింది, లేబుల్ ఒలిచింది, కడిగినట్టు చేతులు తిప్పింది, కాలితో తొక్కి చప్పగా చేసింది, నావంక చూసింది. నేను రెండో సీసా చేశాను. తలూపింది. పాల డబ్బా అయితే కత్తిరించి విప్పి కడిగి ఆరబెట్టాలిట. అన్నీ అయ్యాక పైన ఆకుపచ్చ వల కప్పి చూపించి "కరసు" అంది. కరసు అంటే కాకి.

ఆ వల కాకుల కోసమే. టోక్యో కాకులు మన కాకుల కన్నా రెట్టింపుంటాయి, సంచీ చించితే వీధంతా పరిచేస్తాయి. మా ఊళ్ళో నాన్న తద్దినానికి పిండం పెట్టి "రా రా" అని గంటసేపు బతిమాలినా ఒక్కటీ వాలదు, ఇక్కడేమో వాటిని తరమడానికి వలలు. ఇది ఆవిడకి చెప్పాలని నాకు భాష వచ్చేదాకా రెండేళ్ళు ఆగాను.

భాష గురించి ఒక మాట. జపనీస్ కష్టం అని అందరూ భయపెడతారు, రాయడం చదవడం నిజంగానే కష్టం, నాకు ఇప్పటికీ మెనూ కార్డు చదవడం రాదు. మాట్లాడటం మాత్రం తెలుగు వాడికి చాలా తేలిక. క్రియ చివర్నే వస్తుంది, 'టోక్యోకి వెళ్తాను' అనాలంటే 'టోక్యో ని ఇకిమస్', మన 'కి' బదులు 'ని', అంతే తేడా. మనం 'వస్తాను అని అన్నాడు' అంటామా, ఆ 'అని' ఉన్న చోటే వాళ్ళకి 'తో'. మనకి తళతళ, వాళ్ళకి కిరకిర. గడగడా మాట్లాడితే పెరపెర. మన సీనియర్ ఒకాయన తెలుగు వాక్యం మనసులో అనుకుని మాటలు మార్చేస్తే చాలంటుండేవాడు, సగం నిజమే. దీర్ఘాల దగ్గర మాత్రం జాగ్రత్త. 'ఒబసాన్' అంటే పిన్నిగారు, మధ్యలో దీర్ఘం ఇచ్చి 'ఒబాసాన్' అంటే అమ్మమ్మగారు. నేను తెలివిగా మొదట్నుంచీ పొట్టిదే పలికాను. ఆవిడకి అది ఎంత నచ్చిందంటే, వంకాయ వేపుడు చేసినప్పుడల్లా చేప తగలకుండా చేసి గిన్నె పట్టుకొచ్చేది. నన్ను 'రావుసాన్' అనేది, ర కీ ల కీ మధ్యలో ఎక్కడో.

పొద్దున్న నేను తాళం వేస్తుంటే ఆవిడ మెట్లు తుడుస్తూ ఉండేది. 'ఇత్తెకిమస్' అనాలని ఆవిడే నేర్పింది. మాటకి మాట విడదీస్తే వెళ్ళి వస్తాను అని. దానికి జవాబు 'ఇత్తెరాష్షాయ్', వెళ్ళి రండి. ఇది విని నేను అక్కడే ఆగిపోయాను. మా ఇంట్లో గుమ్మం దాటుతూ 'వెళ్తున్నా' అంటే అమ్మ వెనక్కి పిలిచి 'వెళ్ళొస్తా అను' అని అనిపించుకునేది. తిన్నాక 'గొచిసోసమా' అంటారు వండి పెట్టినవాళ్ళకి, మా తాతగారయితే విస్తరి ముందు నుంచి లేవబోతూ అన్నదాతా సుఖీభవ అనేవారు. ఆ మాట మా తరానికి పోయింది, అక్కడ స్కూలు పిల్లలు కూడా చేతులు జోడించి మరీ అంటారు.

శనివారాలు ఇంట్లో ఉంటే సాయంత్రం అయిదింటికి వీధి స్తంభం మీది స్పీకర్లోంచి ఓ పిల్లల పాట ట్యూను వచ్చేది, మాటలు లేకుండా, కాస్త జీరగా. జపాన్లో చాలా ఊళ్ళలో ఉంది ఈ పద్ధతి. పార్కులో బంతాట ఆడుతున్న పిల్లలు అది వినగానే బ్యాగులు తీసుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. నాకయితే మా ఊరి రైస్ మిల్లు సైరన్ గుర్తొచ్చేది. అసలు అది పిల్లల కోసమే అనుకున్నాను, కాదుట, భూకంపమో తుఫానో వస్తే హెచ్చరించడానికి పెట్టిన స్పీకర్లు అవి, పనిచేస్తున్నాయో లేదో రోజూ అలా చూసుకుంటారు. చలికాలం రాత్రుళ్ళు ఇంకో పాట, చిన్న ట్రక్కు నెమ్మదిగా పోతూ "యాకీ ఇమో" అని సాగదీసే రికార్డు. వేడి గులకరాళ్ళలో కాల్చిన చిలగడదుంపలు. న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాడు, విరిస్తే లోపల బంగారం రంగు, ఆవిరి. తంపటి తేగల వాసనకి దగ్గరగా వచ్చింది ఏదైనా ఉందంటే అదే. సమస్య ఏంటంటే పాట వినిపించి నేను స్వెట్టర్, కోటు, టోపీ, బూట్లు వేసుకుని కిందికి దిగేసరికి ట్రక్కు వీధి మలుపు తిరిగేది. నేను పరిగెత్తింది ఎక్కువ, తిన్నది తక్కువ.

ఇక జూన్. వానాకాలం మొదలు. ఆ వానని వాళ్ళు త్సుయు అంటారు, రాసేటప్పుడు 'ఉమె వాన' అని రాస్తారు, ఉమె కాయలు పండే రోజులు కాబట్టి. ఒక ఆదివారం ఆవిడ తలుపు తట్టి రమ్మంది. వెళ్తే వంటింట్లో నేలంతా న్యూస్‌పేపర్లు, దాని మీద పసుప్పచ్చటి కాయలు, చూడ్డానికి ఆప్రికాట్ లాగా, పెద్ద ఉసిరికాయంత, ఇల్లంతా తియ్యటి వాసన. నాకో వెదురు పుల్ల ఇచ్చింది, ప్రతి కాయకీ తొడిమ దగ్గరుండే నల్లటి ముచ్చిక గీరెయ్యాలి. నాలుగు కిలోలు. తర్వాత కడిగి తుడిచి, బూజు పట్టకుండా షోచు అనే జపాన్ సారాతో ఓసారి తడిపింది (ఇది కూడా అమ్మకి చెప్పలేదు), కాయల బరువులో ఇంచుమించు అయిదో వంతు ఉప్పు, పొర కాయలూ పొర ఉప్పూ, పైన పళ్ళెం, పళ్ళెం మీద రాయి. నాలుగు రోజుల తర్వాత పిలిచి చూపించింది, జాడీ నిండా ఊట తేలింది.

ఊట! నాకు అక్కడే అరవాలనిపించింది. ఇది మాగాయే కదా. ఉప్పులో ఊరెయ్యడం, ఊట తేలడం, ముక్క తీసి ఎండబెట్టడం. అక్కడ పసుపు లేదు, ఎర్ర షిసో అనే ఆకుని ఉప్పుతో నలిపి వేస్తారు, దాంతో మొత్తం కుంకుమ రంగుకి తిరుగుతుంది. జూలై ఆఖర్న వాన వెనక్కి తగ్గాక మూడు రోజులు వెదురు చేటల్లో ఎండ. రాత్రుళ్ళు మంచుకి కూడా వదిలేస్తే తొక్క మెత్తబడుతుందని ఆవిడ మాట. తడిచెయ్యి పెట్టనివ్వదు. జాడీకి బూజు పడితే ఇంటికి మంచిది కాదంటుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం అచ్చం మా అమ్మ మొహమే, కళ్ళు పెద్దవి చేసి వేలు చూపిస్తూ.

రాత్రి ఫోన్ చేసి అమ్మకి మొత్తం చెప్పాను. అంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "ఊట ఏం చేస్తుందిరా? పారబొయ్యదు కదా?" మళ్ళీ వెళ్ళి అడిగొచ్చాను. ఆ ఎర్ర ఊటలో అల్లం ముక్కలు వేసి ఊరబెడుతుంది, మిగిలింది సీసాలో పోసి సలాడ్లలోకీ వాటిలోకీ వాడుతుంది, చుక్క పోదు. "అయితే సంసారపక్షం మనిషే" అంది అమ్మ, సర్టిఫికెట్ ఇచ్చేసినట్టు. ఆ రోజు నుంచి ఫోన్లో నా ఆరోగ్యం తర్వాత రెండో ప్రశ్న "ఆవిడెలా ఉంది".

జూలై మధ్యలోనే, ఆ ఎండబెట్టడానికి కాస్త ముందు, ఒబోన్ వస్తుంది. పెద్దల పండగ. మిగతా దేశం చాలావరకు ఆగస్టులో చేసుకుంటారు, టోక్యోలో చాలా ఇళ్ళల్లో జూలై 13న మొదలు. ఆవిడ ఓ కీరకాయకీ వంకాయకీ నాలుగేసి పుల్లలు గుచ్చి వాళ్ళాయన ఫొటో ముందు నిలబెట్టింది. కీరకాయ గుర్రం, పైనుంచి ఆయన తొందరగా రావడానికి. వంకాయ ఆవు, తిరిగి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా వెళ్ళడానికి. దీని మీద నేనేం రాసినా పాడవుతుంది, వదిలేస్తున్నా. కాకి పిండం సంగతి ఆ రోజే చెప్పాను ఆవిడకి. చాలాసేపు ఆలోచించి, మీ కాకులు మర్యాద గల కాకులన్నమాట అంది.

ఆ వేసవిలోనే పార్కులో మధ్యలో చెక్క మంచె కట్టి పైన పెద్ద డోలు వాయిస్తుంటే చుట్టూ అందరూ గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. నేను గోదావరి వాణ్ణి, అప్పటికి బతుకమ్మ టీవీలో తప్ప చూళ్ళేదు, మా టీమ్‌లో వరంగల్ అమ్మాయి చూసి "మధ్యల పూలు లేవు గానీ గిది బతుకమ్మనే" అని చెప్పులు పక్కన పెట్టి దూరిపోయింది. బొగ్గు గని కూలీల పాటొకటి ఉంటుంది, తవ్వుతున్నట్టు, తట్ట భుజాన వేసుకున్నట్టు, చెయ్యి అడ్డం పెట్టి చందమామని చూస్తున్నట్టు, బండి తోస్తున్నట్టు. నేను అందరూ చందమామని చూస్తుంటే బండి తోశాను, ముందున్న పెద్దాయన వీపుకి తగిలింది. ఆయనే సారీ చెప్పాడు.

కొత్త సంవత్సరం ముందు రాత్రి గుళ్ళో గంట 108 సార్లు కొడతారు, ఆ చలిలో నిలబడి విన్నాను ఒక్కసారి, నలభై తర్వాత లెక్క తప్పింది. గుడికి వెళ్ళినప్పుడు హుండీలో వెయ్యమని ఆవిడ నాకు అయిదు యెన్ల బిళ్ళ ఇచ్చింది. దానికి మధ్యలో చిల్లు, చిల్లి పక్కన వరికంకి. మా తాతగారి పెట్టెలో ఉండే చిల్లికాణీ లాగే ఉంది. విలువకి చిల్లికాణీయే, కానీ అయిదు యెన్లని 'గో ఎన్' అంటారు, అదే శబ్దానికి ఇంకో అర్థం ఋణానుబంధం అని. ఆవిడ అర్థం చెప్పడానికి తన వైపూ నా వైపూ వేలు తిప్పి చూపించింది.

2011 మార్చి 11, మధ్యాహ్నం 2:46. దాని గురించి అందరూ రాసేశారు, నేను ఎక్కువ రాయను. ఆఫీసు బిల్డింగు పడవలా ఊగింది, రైళ్ళన్నీ ఆగిపోయాయి, సుమిదా నది మీద ఎయితాయ్ వంతెన దాటి, వేలమందితో పాటు నడుచుకుంటూ, అరకావా వంతెన మీద గాలికి చెవులు పగిలిపోతుంటే ఇల్లు చేరేసరికి మూడు గంటలు పైనే పట్టింది. దారిలో కొన్వినీల్లో ఒనిగిరి అరలన్నీ ఖాళీ, అయినా జనం వరసలో నిలబడి మిగిలిన బిస్కెట్లు కొనుక్కుంటున్నారు, ఒక్కరు గొంతు పెంచలేదు. ఇంట్లో లైటు ఉంది, స్టవ్ వెలగదు. అక్కడి గ్యాస్ మీటర్లు గట్టి భూకంపం వస్తే వాటంతటవే ఆగిపోతాయి. ఆవిడ టార్చి పట్టుకుని వచ్చి మీటరు మీద బటన్ నొక్కి, మూడు నిమిషాలు ఆగాలి అని వేళ్ళు చూపించింది. ఆ మూడు నిమిషాలూ మెట్ల మీద పక్కపక్కన కూచున్నాం, ఇంకా చిన్నగా ఊగుతూనే ఉంది. ఆవిడ ఒళ్ళోంచి పొట్లం తీసింది. పొద్దున్న వండిన అన్నంతో రెండు ఒనిగిరి, లోపల నేను ముచ్చిక గీరిన కాయే. అంత ఉప్పగా, అంత బాగా ఎప్పుడూ లేదు.

వారానికి అమ్మ ఏడుపు తట్టుకోలేక టికెట్ తీసుకున్నాను. మా బిల్డింగులో విదేశీయులు సగం మంది అప్పటికే వెళ్ళిపోయారు. పెట్టెతో బయటికొస్తే ఆవిడ మెట్లు తుడుస్తోంది, ఏం జరగనట్టు. ఏమనాలో తెలీక అలవాటు ప్రకారం ఇత్తెకిమస్ అనేశాను. నోటినుంచి వచ్చాక తెలిసింది తిరిగొస్తానని మాటిచ్చేశానని. మూడు వారాలకి వెనక్కి వెళ్ళాను. చెత్త సంచుల మీద వల, కాకులు, అయిదింటి పాట, అన్నీ ఉన్నాయి, సకురా పూలు రాలిపోతున్నాయి.

2012 చివర్లో పూర్తిగా వచ్చేశాను. ఆవిడ నాలుగేళ్ళ నాటి ఉమెబోషి చిన్న సీసాడు ఇచ్చింది, పాతబడేకొద్దీ ఉప్పు పువ్వులా పైన పూస్తుంది. అమ్మ ఓ కాయ పెరుగన్నంలో నంజుకుని, కళ్ళు మూసుకుని, కాసేపుండి "చెయ్యి మంచిదే. కారం, మెంతిపిండి వెయ్యడం మర్చిపోయారు పాపం" అంది. సీసా రెండేళ్ళు దాచుకుని తింది, ఎవరికీ పెట్టలేదు, నాక్కూడా.

ఆ మరుసటి వేసవిలో టోక్యో వెళ్తున్న కొలీగ్ చేత అమ్మ అరకిలో మాగాయ పంపించింది, ఇంగువ ఘాటు ఎక్కువైతే ఆవిడకి పడదేమోనని సగమే వేసి, మూడు కవర్లు చుట్టి. నెల తర్వాత నేను ఫోన్ చేశాను, అమ్మ పక్కనే చెవి పెట్టుకుని కూచుంది. ఆవిడ చాలా మొహమాటపడి చెప్పింది, రుచి అద్భుతం, కాకపోతే మొదటి రోజు పెదాలు మండి రాత్రి నిద్ర పట్టలేదు, అందుకని రోజూ ఒక ముక్క తీసి కాస్త కడుక్కుని, అన్నం మీద వేసి, పైన వేడి గ్రీన్ టీ పోసుకుని తింటున్నానని.

అమ్మకి తెలుగులో చెప్పాను. మొహం పాలిపోయింది. "కడిగిందా? మాగాయని కడిగిందా?" కాసేపు మాటల్లేవు, తర్వాత నెమ్మదిగా "ఆ కడిగిన నీళ్ళేం చేసిందో అడుగు" అంది.

అడిగాను. కడిగేది కూడా టీతోనేట, ఆ టీ తర్వాత సూప్‌లో పోసుకుంటుందిట.

"పోన్లే" అంది అమ్మ.